ఫ్లెక్సీలో దిద్దిన కన్ను

2022 వేసవి. రాజమండ్రిలో ఒక ధర్మ కంటాసుపత్రిలో నేను ఆప్టోమెట్రిస్టుని. అంటే డాక్టర్ని కాదు. డాక్టరుగారు చూడకముందు కళ్ళు పరీక్షించి, అద్దాల పవరు తేల్చి, ఏదైనా అనుమానం ఉంటే ఆ మాట రాసి లోపలికి పంపే మనిషిని. నా గదికి కిటికీ లేదు. ఉన్న ఒక్క తలుపుకీ నల్ల కర్టెను. బయటి మే నెల ఎండలోంచి వచ్చినవాళ్ళు లోపల అడుగు పెట్టగానే గోడ తడుముకుంటారు. "ఇదేంటండి, సినిమా హాల్లాగుంది" అని రోజుకొకరైనా అంటారు. "ఇక్కడ ఇంటర్వెల్ ఉండదు, కూర్చోండి" అంటాను. నాకు నోటిదురుసని ఆసుపత్రిలో పేరుంది. అది అబద్ధమని నేనెప్పుడూ వాదించలేదు.

చీకటి ఎందుకో చెబుతాను. కనుపాప నల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి అక్కడ నల్లటి వస్తువేదీ లేదు. అదొక కిటికీ. మిట్టమధ్యాహ్నం రోడ్డు మీంచి చూస్తే ఎదురింటి కిటికీ లోపల చీకటిగానే కనబడుతుంది. లోపలికి వెళ్ళిన వెలుతురు మనవైపు తిరిగి రాదు కాబట్టి అలా ఉంటుంది. కంటిలోకి వెళ్ళిన వెలుగు వెనకనున్న రెటీనా అనే పొర మీద పడి, వెళ్ళిన దారినే వెనక్కి వస్తుంది. ఆ దారిలో మన చూపు ఉంటేనే అది మనకు కనబడుతుంది, పక్కన నిలబడితే నలుపే. మా చేతిలో ఉండే రెటినోస్కోప్ చేసేదల్లా ఇదే. అందులో ఏటవాలుగా ఒక చిన్న అద్దం ఉంటుంది. అది బల్బు వెలుగును ఎదుటివాళ్ళ కంట్లోకి తిప్పుతుంది, ఆ అద్దం మధ్యలోంచి మేం చూస్తాం. వెలుగు దారీ చూపు దారీ ఒకటైపోతాయి. అప్పుడు ఆ నల్లటి కనుపాప నిప్పుకణికలా ఎర్రగా వెలుగుతుంది. దాన్ని రెడ్ రిఫ్లెక్స్ అంటాం. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోల్లో కళ్ళు ఎర్రగా పడేది కూడా ఇందుకే. వెనకనున్న పొరలో రక్తం పారుతోంది కనుక అక్కణ్ణుంచి వచ్చే వెలుగు ఎర్రగానే ఉండాలి.

నాగమణి అంతర్వేది వైపు పల్లెనుంచి వచ్చింది. వాళ్ళు సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. ఆ రోజుల్లో వేట నిషేధం ఉంటుంది కాబట్టి మొగుడు వీర్రాజుకు తీరిక దొరికింది. తెల్లారుతూనే బయల్దేరి, రావులపాలెంలో బస్సు మారి వచ్చారు. ఒళ్ళో రెండేళ్ళ పిల్ల, పేరు భవాని. నుదుటి మీదా బుగ్గ మీదా దిష్టిచుక్కలు, చేతిలో సగం తిన్న చక్కెరకేళీ.

"ఎడంకన్ను మెల్ల పడతందండి. అద్దాలేవో రాసిచ్చేత్తే ఎల్లిపోతామండి," అంది నాగమణి.

"అద్దాలు నేనిస్తాను గానీ, ఇన్నాళ్ళూ ఏం చేశారు?" అన్నాను.

"మెల్లకన్ను అదృష్టవండి. మా అత్త అదే అంటాదండి."

"మీ అత్తగారిని కూడా తీసుకురండి, ఆవిడకీ ఒక జత రాసిస్తాను," అన్నాను. వీర్రాజు నవ్వాడు. పిల్ల కూడా ఎందుకో నవ్వింది. ఆ నవ్వులోనే లైటు తీసేసి రెటినోస్కోప్ అందుకున్నాను.

కుడికన్ను ఎర్రగా వెలిగింది. ఎడమకంటికి తిప్పాను. ఎరుపు లేదు. సముద్రపు గుల్ల లోపలివైపు ఉంటుందే, ఆ తెలుపు వచ్చింది. పిల్ల తల కదిపిందేమోనని మళ్ళీ చూశాను. పక్కనుంచి చూశాను, పైనుంచి చూశాను. ఎటు తిరిగినా తెలుపే. కంటిలోపల ఏదో గట్టి పదార్థం పెరిగి, వెలుగును రెటీనా దాకా పోనీయకుండా మధ్యలోనే వెనక్కి కొడుతోంది. చిన్నపిల్లల్లో ఆ తెలుపుకు కారణాలు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికన్నా చెడ్డది ఏదో నాకు తెలుసు. 

నేను చూస్తున్నది నాగమణికి కనబడదు. వెలుగు నా దారిన నాకే వస్తోంది. ఆవిడ చూస్తున్నది నా మొహాన్ని.

"ఏం కనబడిందండి?" అంది.

"డాక్టరుగారు చూస్తారమ్మా."

"దీపం పెట్టే ఏల మెరుత్తాదండి. అదేనాండి?"

నేను లైటు వేశాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"మొదటి పుట్టినరోజుకి ముందునుంచేనండి. నేను పడుకునుంటే, నా ఎనకాల బల్బుంటే, పిల్ల నావైపు తిరిగినప్పుడు మెరిసేదండి. ఎన్నెల్లాగుండేదండి. మళ్ళీ చూద్దావని దాన్ని అటూ ఇటూ తిప్పి ఆడించేదాన్నండి."

వెలుగు ఎటునుంచి వస్తే ఎక్కడ పడుకుని చూడాలో ఆ తల్లికి ఎవరూ నేర్పలేదు. పాలిచ్చేటప్పుడు తనంతట తను పట్టుకుంది. మేం అద్దం పెట్టి చేసే పరీక్షను ఆవిడ చాపమీద చేసింది, అదీ సంతోషంతో.

మా డాక్టరుగారు చూశారు. కంటికి స్కానింగు తీయించారు. రెటినోబ్లాస్టోమా అన్నారు. చిన్నపిల్లల రెటీనాకు వచ్చే కాన్సరు అది. హైదరాబాదు వెళ్ళాలి, ఈ వారంలోనే వెళ్ళాలి అని చెప్పారు. కాన్సరు అన్న మాట వీర్రాజు ఆయన చేత రెండుసార్లు అనిపించుకున్నాడు. నాగమణి ఒక్కసారి కూడా అడగలేదు. పిల్ల చేతిలోని అరటిపండు జారిపడితే తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ చేతిలో పెట్టింది.

కాగితాలు తయారవుతుంటే వాళ్ళు నా గది బయట బెంచీ మీద కూర్చున్నారు. నాకు కోపం ఆగలేదు. ఎవరిమీదో తెలియని కోపం ఎదురుగా ఉన్నవాళ్ళ మీదకే పోతుంది కదా. "ఏడాదినుంచి మెరుస్తుంటే ఎవరికీ చూపించలేదా?" అన్నాను.

"చూపించావండి," అంది నాగమణి. "మా ఊళ్ళో ఆరెంపీ డాక్టరుగారికి చెప్పానండి. మరి ఆయన చూసిన ఏల మెరవలేదండి. పగలు కదండి. ఆ తరవాత పుట్టినరోజు ఫ్లెక్సీ ఏయించావండి. అందులో రెండు కళ్ళూ చక్కగా నల్లగా వచ్చాయండి. అది చూపిత్తే, ఫోటోలో లేని జబ్బు పిల్లకెక్కడుంటాదమ్మా అన్నారండి. నాకూ అలాగే అనిపించిందండి. నా కళ్ళే అబద్దవేమో అనుకున్నానండి."

వీర్రాజు ఫోను తీసి చూపించాడు. మా జిల్లాల్లో పిల్ల మొదటి పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టడం తెలిసిందే. మధ్యలో కిరీటం పెట్టుకున్న పిల్ల, చుట్టూ గుండ్రాల్లో మేనమామలు, బాబాయిలు, కింద శుభాకాంక్షలు, అంచున స్టూడియో ఫోను నంబరు. భవాని పళ్ళు రాని నోటితో నవ్వుతోంది. కళ్ళు రెండూ నిగనిగలాడే నలుపు.

నేను దాన్ని పెద్దది చేసి చూశాను. కంటి ముందుభాగం కార్నియా. గాజులాంటి పొర, ఉబ్బెత్తు అద్దంలా పనిచేస్తుంది. ఎదురుగా ఏ దీపమున్నా దాని బొమ్మ చిన్న చుక్కగా అక్కడ పడుతుంది. దీపం కుడివైపు ఉంటే రెండు కళ్ళలోనూ చుక్క ఒకే వైపు పడాలి. ఈ ఫోటోలో రెండు చుక్కలూ ముక్కువైపు ఉన్నాయి. ఒక దీపం రెండు కళ్ళలో అలా ఎదురెదురుగా పడదు. కుడికన్నును తిప్పి ఎడమవైపు అతికించారు.

ఫ్లెక్సీ మీది నంబరుకు ఫోను చేశాను. మలికిపురంలో చిన్న స్టూడియో, నడిపే ఆయన పేరు ప్రభాకర్. వాళ్ళది లూథరన్ కుటుంబం. చర్చిలో పెళ్ళిళ్ళైనా, పల్లెల్లో ఓణీల ఫంక్షన్లైనా ఆయనే తీస్తాడని తర్వాత తెలిసింది. ఎవరో చెప్పాను. రెండు కళ్ళ చుక్కలూ ముక్కువైపే ఉన్నాయని చెప్పి, భవాని ఫోటోలో ఎడమకన్ను మార్చారా అని అడిగాను.

"మార్చానండి," అన్నాడు వెంటనే. తప్పు చేసినవాడి గొంతు కాదది, పని బాగా చేసినవాడి గొంతు. "ఫ్లాష్ పడి ఒక కన్ను ఎర్రగా, ఒకటి తెల్లగా వచ్చిందండి. పిల్ల మొహం పాడైపోతాదని ఎర్రదాన్ని నల్లగా దిద్ది, దాన్నే తిప్పి తెల్లదాని చోట పెట్టానండి. అందరికీ చేత్తామండి. డబ్బులేం తీసుకోలేదండి. ఏంటి మేడమ్ గారు, ఏవన్నా బాగా రాలేదాండి?"

"అసలు ఫోటో ఉందా మీ దగ్గర?"

ఉంది. ఎందుకు అడుగుతున్నానో చెప్పాను, పంపించాడు. అదే నవ్వు, అదే కిరీటం. పక్కన పెట్టిన వీడియో లైటు చుక్క రెండు కళ్ళలోనూ ఒకే వైపు ఉంది. కుడి కనుపాప ఎర్రగా, ఎడమ కనుపాప చంద్రవంకలా తెల్లగా. మా డాక్టరుగారికి చూపించాను. ఆయన చాలాసేపు చూశారు.

"అప్పుడు వచ్చి ఉంటే కన్ను సంగతి చెప్పలేను గానీ, పిల్ల దక్కేదండి," అన్నారు. "ఇప్పుడు కంటినరం దాకా వెళ్ళిందేమోనని నా భయం."

ఒక మాట ఇక్కడ చెప్పకపోతే తప్పవుతుంది. ఫోటోలో కన్ను తెల్లగా పడిన ప్రతి పిల్లకూ ఈ జబ్బు ఉండదు. పిల్ల పక్కకు చూస్తున్నప్పుడు ఫ్లాష్ రెటీనా మీద నరం మొదలయ్యే చోట పడితే, అక్కడ సహజంగానే తెల్లగా ఉంటుంది కాబట్టి ఆరోగ్యమైన కన్ను కూడా తెల్లగా రావచ్చు. కానీ చూపించుకోవాలి. చూపించుకోవడానికి ముందు ఆ తెలుపు ఫోటోలో మిగిలి ఉండాలి.

హైదరాబాదులో భవాని ఎడమకన్ను తీసేశారు. డాక్టరుగారు భయపడ్డట్టే జబ్బు కంటినరంలోకి పాకింది. మందులు ఎక్కించారు. వానాకాలంలో ఒకసారి కృత్రిమ కన్ను సరిగ్గా కూర్చుందో లేదో చూపించడానికి నా దగ్గరికి తీసుకొచ్చారు. తల మీద జుట్టు లేదు. ప్లాస్టిక్ కన్ను ఎంత బాగా చేశారంటే, దీపం చుక్క దాని మీద కూడా అచ్చంగా మెరిసింది. పైన పడ్డ వెలుగును ప్లాస్టిక్ కూడా వెనక్కి ఇస్తుంది. లోపలినుంచి ఇవ్వడం దాని చేతకాదు. లైటు తీసినప్పుడు కుడికన్ను ఎర్రగా వెలిగింది, ఎడమవైపు ఏమీ రాలేదు.

"బాగుందాండి?" అంది నాగమణి, నా మొహంలోకి చూస్తూ.

"కుడికన్ను బాగుందమ్మా," అన్నాను.

ఆ తర్వాత తలనొప్పి, వాంతులు మొదలయ్యాయి. వెన్నులోంచి తీసిన నీటిలో కూడా జబ్బు కనబడిందని, ఇంటికి తీసుకుపొమ్మన్నారని వీర్రాజు ఫోనులో చెప్పాడు. మా డాక్టరుగారు ఇంకేమైనా చేస్తారేమోనని అడిగాడు. చేసేదేమీ లేదు. ఉన్నట్టు నటించే శక్తి కూడా నాకు ఆ రోజు లేదు. కార్తీకమాసంలో భవాని పోయింది.

ఆ కబురు తెచ్చినవాడు ప్రభాకర్. ఫోను చెయ్యలేదు, రాజమండ్రి వచ్చాడు. నేను అనుకున్నంత పెద్దవాడు కాదు, ముప్ఫై దాటి ఉంటాయంతే. పేషంట్లందరూ అయ్యేదాకా కూర్చుని, ఆఖర్న నా గదిలోకి వచ్చి, పిల్లల్ని కూర్చోబెట్టే చిన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఎండాకాలంలోనే వాళ్ళింటికి వెళ్ళి, కన్ను మార్చిన సంగతి తనే చెప్పేశాడట. వీర్రాజు చెయ్యెత్తి, మళ్ళీ దించేసి, పడవ దగ్గరికి వెళ్ళిపోయాడట. నాగమణి మంచినీళ్ళిచ్చిందట.

"మేడమ్ గారూ, ఒక్క మాట చెప్పండి. నేను ముట్టుకోకపోతే బతికేదాండి?"

ఇలాంటి చోట ఏదో ఒక ఊరట మాట చెప్పాలని నాకు తెలుసు.  "బతికేదేమోనండి," అన్నాను.

అతను తలూపాడు. ఏడవలేదు. జేబులోంచి కవరు తీశాడు. అందులో రెండు ఫోటోలు, అసలుదీ దిద్దిందీ.

"నాగమణి గారు గోడకి పెట్టుకోడానికి పెద్ద ఫోటో కట్టించమన్నారండి. ఏది కావాలో చెప్పారండి. ఫ్లెక్సీలోదేనండి. నా చేత్తో ఎలా వెయ్యనండి అది? మిషన్ దగ్గర కూర్చుంటన్నాను, లేచిపోతన్నానండి. పెళ్ళి ఆల్బమ్ పని ఉందనీ, పేపరు లేదనీ తిప్పుతన్నానండి."

"వెయ్యకండి," అన్నాను. "అసలుది వెయ్యండి. ఆ పిల్ల మొహం అది. అబద్ధానికి ఫ్రేము కడితే రేపు దానికి దండ కూడా వేస్తారు. మీరు చేసింది చాలు."

ఆ చివరి మాట అనకూడదు. అన్నాక వెనక్కి రాదు. అతను ఫోటోలు కవరులో పెట్టుకుని, "అలాగేనండి" అని వెళ్ళిపోయాడు.

సంక్రాంతి దాటాక అంతర్వేది వైపు పల్లెల్లో మా ఆసుపత్రి కంటి శిబిరం పెట్టింది. ముసలివాళ్ళ శుక్లాలు చూడటం మా పని. మధ్యాహ్నం భోజనాల వేళ నాగమణి వచ్చి నన్ను ఇంటికి పిలిచింది. వద్దనలేకపోయాను. రెండు గదుల ఇల్లు, బయట వల ఆరేసి ఉంది. గోడ మీద దేవుడి పటాలు, అత్తగారి పెళ్ళినాటి ఫోటో. ఇంకో చోట మేకు కొట్టి ఉంది. దానికి ఏమీ తగిలించలేదు.

నాగమణి చాపేసి, మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. మనిషి సగమైంది.

"ఆ ఫోటో ఆయన ఇవ్వట్లేదండి. ఎప్పుడడిగినా రేపంటన్నాడండి. రెండోది తెచ్చిత్తానంటన్నాడండి. నాకొద్దండి. మీరు చెపితే ఇంటాడండి."

నేను బస్సులో వస్తూనే చెప్పాల్సినవన్నీ మనసులో పేర్చుకున్నాను. అది మార్చిన ఫోటో అనీ, ఆ ఫోటో మూలంగానే ఇంత జరిగిందనీ, అసలుది ఉండటమే మంచిదనీ. "అమ్మా, అందులో ఉన్నది..." అని మొదలుపెట్టాను.

"తెల్సండి," అంది. గొంతు పెంచలేదు. "ఆ కన్ను మా పిల్లది కాదనీ తెల్సండి. తెల్ల కన్ను ఫోటో కూడా చూశానండి. అది చూత్తే నాకు ఆసుపత్రే కనబడతందండి. సూదులు కనబడతన్నాయండి. నేను ఎన్నెలనుకుని ఆడించింది కనబడతందండి. మా పిల్లకి ఏ జబ్బూ లేనిది ఆ ఒక్క ఫోటోలోనేనండి. అందులో ఉన్న పిల్లని నాకిప్పించండి."

మజ్జిగ గ్లాసు కింద పెట్టాను.  ఆవిడ నా మొహంలోకే చూస్తోంది, నా డార్క్ రూములో చూసినట్టే.

ఆవిడ ముందే ప్రభాకర్‌కు ఫోను చేశాను.

"ఫ్లెక్సీలోదే వెయ్యండి. పెద్దదిగా వెయ్యండి," అన్నాను.

 అతను మెల్లగా అడిగాడు. "చుక్క ముక్కువైపు ఉందన్నారు కదండీ మీరు. అదైనా సరిచేసెయ్యనాండి?"

"వద్దు. ఇంకేమీ ముట్టుకోకండి," అన్నాను.

వారం తిరక్కుండా ఫోటో గోడెక్కిందని వీర్రాజు చెప్పాడు. చూసినవాళ్ళందరూ ఎంత చక్కటి కళ్ళో అంటున్నారట. నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు.

ఈ కేసు నాకేం నేర్పిందని మా కొత్త ట్రైనీలు అడుగుతుంటారు. తల్లి మెరుపు చూశానంటే లైటు తీసి చూడండి, పగటి వెలుతురులో చూసి పంపెయ్యకండి అని చెబుతాను. ఫోటో తెస్తే దిద్దనిది అడగండి అని చెబుతాను. ఆ రెండోది ఇప్పుడు చెప్పి లాభం లేకుండా పోతోంది. ఫ్లాష్ పడ్డ కళ్ళను కొత్త ఫోన్లు వాటంతట అవే సరిచేసేస్తున్నాయి. ప్రభాకర్‌కైతే ఫోను చేసి అసలుది పంపమనగలిగాను. వీటిలో అసలుది ఉండదు, అడగడానికి మనిషీ ఉండడు.

నాకు మాత్రం ఒక అలవాటు మిగిలిపోయింది. ఎవరింటికి వెళ్ళినా, ఏ సెంటర్లో ఫ్లెక్సీ కనబడినా, చంటిపిల్ల ఫోటో అయితే ముందు కళ్ళలో మెరుపు చుక్కలు ఎటున్నాయో చూస్తాను. రావులపాలెంలో బస్సు ఆగితే కిటికీలోంచి మెడ చాచి మరీ చూస్తాను. ఇన్నేళ్ళలో దానివల్ల ఒక్క పిల్లకీ మేలు జరగలేదు. అయినా చూపు ఆగడం లేదు.